గోడ మీద రెండు ఫొటోలు

"పొరపాటు మాదేనమ్మా, కాదంటలేను," అన్నాడు మహేందర్, కరుణ పదో తరగతి మెమోనూ స్కాలర్‌షిప్ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి. "దీంట్ల తండ్రి పేరు బీరయ్య అని ఉంది. దాంట్ల మల్లేశ్వర్ అని ఉంది. మల్లేశ్వర్ మీకేమైతడు?"

"మా తమ్ముడు సార్," అన్నాడు బీరయ్య. "మిల్ట్రీల ఉండె. కరుణకు ఆరేండ్లప్పుడు బార్డర్‌ల పానం ఇడిసిండు. పెండ్లి గూడ కాకపాయె."

"అదే మేము చూసుకోలె," అని మహేందర్ నిట్టూర్చాడు.

ఆయన సుబేదారుగా రిటైరై వికారాబాద్‌లో ఆ చిన్న ఆఫీసు నడుపుతున్నాడు. ప్రాణాలిచ్చిన జవాన్ల పిల్లలను చదివించే సైనిక నిధి అది. నర్సింగ్ చదువు నాలుగేళ్ల ఖర్చూ, హాస్టలు ఖర్చూ తమదేనని కరుణకు ముద్ర వేసి మరీ రాసిచ్చింది. ఆ కాగితం చూసే కాలేజీవాళ్లు చేర్చుకున్నారు. అది రద్దయితే కరుణ రేపో మాపో తాండూరులో నాపరాళ్ల పాలిష్ పనికి పోవాల్సిందే. వాళ్ల వాడలో చదువు ఆగిన ఆడపిల్లలందరూ తేలేది అక్కడే.

"గిది ఎట్లయింది సార్?" అంది కరుణ.

వాళ్లింటికి విచారణకు వెళ్లింది ఆఫీసు గుమాస్తా బాల్‌రాజ్. పిలిస్తే వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి తల గోక్కున్నాడు.

"నేను పోయిన్నాడు ఇంట్ల అమ్మ ఒక్కతే ఉండె సార్. మల్లేశ్వర్ పల్టన్ తరఫున వచ్చిన అని చెప్పిన. ఏం పని మీద వచ్చిన్నో ఇంకా చెప్పనే లేదు. గూట్ల మెడల్ పట్టుకున్న పిల్ల ఫొటో ఒకటి కనిపిస్తే, ‘గీ పిల్ల తండ్రి ఎవరమ్మా’ అన్న. పెనిమిటి పేరు నోటితోని చెప్పదాయె. గోడకు రెండు ఫొటోలున్నయి. అటు చెయ్యి చూపెట్టింది. యూనిఫారం ఫొటో కింద పేరుంటే రాసుకున్న."

అంత బాధలోనూ బీరయ్యకు నవ్వొచ్చింది. "మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు చెప్పరు సార్. రుమాల్ కట్టుకున్నది నాది, పక్కది మా తమ్మునిది. పాపం ఈ సారు పక్కదాన్ని చూసిండు. నేనుంటే గిట్ల గాకపోవు. ఏటా ఆర్నెల్లు గొర్ల మందతోని కర్ణాటక దిక్కే ఉంట. గీ పిల్ల పుట్టినప్పుడు సుత తాండూరు దవాఖానకు తీస్కపోయింది మా తమ్ముడే."

అతని భార్య బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

మహేందర్ కాసేపు ఉత్తరం మీది ముద్రను గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"రూల్ చూస్తే రద్దు చెయ్యాలె. నాకు మనసొప్పుతలేదు. మా పల్టన్‌ల ఒకసారి హుకుం ఇచ్చినంక, తప్పయినా ఇచ్చినోడే భరించాలె. చిన్నపిల్ల ఎందుకు భరించాలె? ఒక తొవ్వ ఉంది. కరుణ మల్లేశ్వర్ బిడ్డ అని తల్లి రాసియ్యాలె. బీరయ్యా, నువ్వు సాక్షి సంతకం పెట్టాలె. పెంచుకున్న బిడ్డ అని పైకి పంపుత. ఎవ్వరూ తవ్వి చూడరు."

"గంతేనా సార్!" బీరయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "రాయున్రి. వాడే ఉంటే ఈ పిల్లను వాడే చదివిస్తుండె. మొండితనం సుత వానిదే వచ్చింది దీనికి. వాని బిడ్డ అని రాస్తే నా బిడ్డ గాకుంట పోతదా?"

కరుణ కళ్లు తుడుచుకుంది. మహేందర్ రెండు వాక్యాలు రాసి కాగితం బుగ్గమ్మ వైపు తిప్పాడు.

"చెప్పమ్మా. కరుణ మల్లేశ్వర్ బిడ్డనేనా? ఊ అంటే చాలు."

బుగ్గమ్మ తలెత్తింది. బీరయ్య అప్పటికే పెన్ను అందుకున్నాడు. కర్ర పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని, ‘అను, ఏం గాదు’ అన్నట్టు ఆమెకేసి తల ఊపుతున్నాడు. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"కాదు సారూ," అంది. "నా బిడ్డకు తండ్రి ఈనే. ఆ దినం నేను చూపెట్టింది ఈన ఫొటోనే. రద్దు చెయ్యున్రి."

"అమ్మా!" అని అరిచింది కరుణ.

మహేందర్ లేచి నిలబడి, "నీ అసుంటి నిజాయితీ నేను చూడలేదమ్మా," అని ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు.

వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి ఆలస్యమైంది. కరుణ తల్లికి దూరంగా, బెంచీ ఆ చివర కూర్చుంది. చాలాసేపు ఏడ్చి, ఇక పట్టలేకపోయింది.

"నాయిన ఒప్పుకుండు, సారు ఒప్పుకుండు. నీకేమొచ్చిందే? నా కోసం ఒక్క అబద్ధం ఆడితే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా? రాళ్లు మోస్త తియ్, నీ కండ్లు సల్లగుండ!"

"అమ్మనేమనకు బిడ్డా," అన్నాడు బీరయ్య. "ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. అది అబద్ధమాడే మనిషి గాదు."

బుగ్గమ్మ భుజాలు వణకడం చూసి అతను తన గొంగడి తీసి కప్పాడు. పక్కనే కూర్చుని, ఆమెను నవ్వించాలని మెల్లగా అన్నాడు: "ఒక్కసారి నా పేరు నోరారా చెప్పినా గింత దాక రాకపోవు గదనే."

బుగ్గమ్మ గొంగడిలో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆ రోజు ఆమె చూపింది యూనిఫారం ఫొటోనే.