నాలుగో కాలమ్

ఆ రోజు గుజరాత్ నవాగామ్‌లోని ఆ ఒక్క గదిలో ఐదుగురున్నారు. కరోనాకు కార్ఖానా మూతపడి నెల దాటిన సోమలింగం. పొయ్యి దగ్గర అతని భార్య సమ్మక్క. మంచంలో అతని తల్లి చిన్నవ్వ. గోడకు ఒరిగి పెద్దకొడుకు ఓంకార్. గడప దగ్గర పదకొండో తరగతి చదివే కూతురు మౌక్తిక. ఐదుగురికీ ఫోను ఒక్కటే. అది సోమలింగం చేతిలో ఉంది.

"బాపూ, జర ఫోనియ్యి," అంది మౌక్తిక. "ఐదింటికల్లా ప్రాజెక్టు పంపాలె. పంపకుంటే కంప్యూటర్ల సున్నా వేస్తడు సారు."

అప్పటికే నాలుగున్నర.

సోమలింగం తెర మీది కూతురి పట్టికను వేలితో పైకీ కిందికీ జరుపుతున్నాడు. గుజరాతీ అక్షరాలు అతనికి రావు. అంకెలు వస్తాయి. వరుసగా తేదీలు, చివర ఒక్కో అంకె. కార్ఖానాలో మగ్గం మగ్గానికి సేఠ్ వేలాడదీసే కాగితం అచ్చం ఇట్లాగే ఉంటుంది. తేదీ, పగలో రాత్రో పాళీ, మగ్గం నుంచి దింపిన తాకాలు, అంటే బట్ట తానులు.

"చూసినవా అవ్వా, నీ మనుమరాలు నా తాకాలన్నీ రాసింది," అన్నాడు మురిసిపోతూ. "ఏ తారీఖుకు ఎన్ని దింపిన్నో అన్నీ ఉన్నయి."

"మగ్గాలు బందైనయి గదరా నెల నుంచి," అంది చిన్నవ్వ. "ఏడ దింపినవ్?"

అతని వేలు ఆగిపోయింది.

"ఓంకారూ, ఇది చదువు."

మౌక్తిక అన్న వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఓంకార్ ఫోను అందుకున్నాడు. చూసి, "ఏం లేదు బాపూ, స్కూల్‌ది," అన్నాడు. చెంప పగిలింది.

"చదువుమన్న."

"తేదీ. టైము. దేనితో. ఎన్ని." ఓంకార్ కింది వరుసకు జరిపాడు. "జులై ఐదు. పొద్దున పది. చెయ్యి. రెండు. జులై ఆరు. సాయంత్రం ఆరు. బెల్టు. నాలుగు..."

"నిన్నటిది చదువు."

"మధ్యాహ్నం మూడు. నాడె. మూడు."

"పైన ఏం రాసుంది?"

"అమ్మ పేరు."

సోమలింగం కూతురి వైపు తిరిగాడు.

"ఇంట్ల రోజూ అయ్యేది ఏదన్న ఒకటి నెల రోజులు చూసి ఎక్కియ్యుమన్నడు సారు," అంది మౌక్తిక నేల చూస్తూ. "మా క్లాసు నిఖిత వాళ్లింట్ల చాయ్ ఎన్నిసార్లు పెడుతున్నరో రాసింది."

"నీకు చాయ్ కనవడలేదా?"

"మనింట్ల చాయ్ రోజూ ఉంటలేదు బాపూ."

అల్మారా మీద పాత మగ్గం నాడె ఉంది. మూరెడు కర్ర, రెండు కొనలకూ ఇనుప మొనలు. మొదటి దెబ్బ మౌక్తిక భుజం మీద పడింది. ఆమె తూలి బిందె మీద పడింది, నీళ్లు గదంతా పారాయి. రెండోది అడ్డం వచ్చిన ఓంకార్ మణికట్టుకు తగిలింది. ఎముక చప్పుడైంది, చేతిలోని ఫోను నీళ్లలో పడింది. మూడోది ఆమె మూతి మీద.

"తలకు కొట్టకురా," అంది చిన్నవ్వ మంచంలోంచి. "తలకు కొట్టకు."

నాలుగోసారి చెయ్యి లేచేసరికి సమ్మక్క మధ్యకు వచ్చింది. పక్కింటోళ్లు ఎప్పుడు అడిగినా బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పే మనిషి. నీళ్లలో పడ్డ ఫోను తీసి కొంగుకు తుడిచింది. కూతురు జడ పట్టి లేపింది.

"సిగ్గుందానే నీకు? ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా? తీసెయ్ అదంతా."

"నా ముందల తియ్యుమను," అన్నాడు సోమలింగం, రొప్పుతూ.

"ఈడ సిగ్నల్ రాదు. బయట నిలవడి తీస్తది."

ఆ మాట అతను నమ్మాడు. పిల్ల రోజూ క్లాసుకు గదుల ముందున్న గ్యాలరీలోనే నిలబడుతుంది. సమ్మక్క కూతుర్ని జడతోనే గడప దాకా ఈడ్చి, గ్యాలరీలోకి నెట్టి, చేతిలో ఫోను కుక్కింది.

"తీసేస్తనే అమ్మా," అంది మౌక్తిక. పెదవి నుంచి నెత్తురు ఫోను మీద పడుతోంది. "ఇప్పుడే తీసేస్త."

సమ్మక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక నీళ్లలో సోమలింగం అడుగులు దగ్గరకొస్తున్నాయి. ఆమె తిరిగి చూడలేదు.

"నిన్నటిది తప్పు రాసినవ్," అంది గొంతు తగ్గించి. "మూడు కాదు, ఐదు. నువ్వు నడుమల నీళ్లకు పోయినవ్. సరిజేసి పంపు."

తలుపేసి, లోపలి నుంచి గొళ్లెం పెట్టుకుంది.