తలుపు మూసిన చెయ్యి

“ఆ తలుపు మూసిన చెయ్యి ముందు ఇక్కడికి రావాలి, డాక్టరుగారూ. అది వచ్చాకే సూది.”

పశువుల డాక్టరు కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చే మందుసీసాను తిరిగి సంచీలో పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ దుకాణంలో తాళాలమ్మ మాటకు ఎదురుచెప్పి నెగ్గినవాడు లేడు. ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళ తలుపులకు తాళాలు బిగించి, విప్పి బతుకుతున్న మనిషి ఆవిడ. యంత్రాల మోతకు ఎడమ చెవి ఏనాడో పోయింది. అందుకే డాక్టరు కుడివైపుకు జరిగి మెల్లగా చెప్పాడు: కిడ్నీలు చేతులెత్తేశాయి, ఆలస్యమైనకొద్దీ బాధ కుక్కదే.

“నేను తొమ్మిదేళ్ళు ఆగాను. అది అరగంట ఆగుతుంది.”

గొళ్ళెం అనే ఆ కుక్క గోడవార గోనెపట్టా మీద పడి ఉంది. కుక్కల శరణాలయం నుంచి తెచ్చిన రోజే ఆవిడ చీర అంచు పట్టుకుని వదలకపోవడంతో దానికి ఆ పేరు వచ్చింది. ఎవరో అద్దెకున్న మనిషి దాన్ని గదిలో పెట్టి, తలుపు మూసి, చెప్పాపెట్టకుండా పోయిందని శరణాలయం వాళ్ళు చెప్పారు. ఆరు రోజులు నీళ్ళు లేవు. తలుపు గీకి గీకి ముందుకాళ్ళ గోళ్ళు మొదలంటా అరిగిపోయాయి. కిడ్నీలు ఆనాడే దెబ్బతిన్నాయని డాక్టరు ఎన్నోసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ తాళాలమ్మ ఒకటే జవాబు చెప్పేది: “ఆ చెయ్యి నాకు దొరకాలి. మళ్ళీ ఏ తలుపూ మూయకుండా చేస్తాను.”

నిజానికి దొరకబుచ్చుకోవడం ఏమంత కష్టం కాదు. కుక్క మెడపట్టీ లోపలివైపు ఫోన్ నంబరు కుట్టి ఉంది. కానీ ఫోన్ చేస్తే, కుక్క నాది, ఇమ్మంటుందేమో! అటువంటి మనిషికి తిరిగి ఇవ్వడమా? ఆ భయానికి ఆవిడ న్యాయం అని పేరు పెట్టుకుని, పట్టీని సొరుగులో దాచింది. ఇక అడిగినా ఇవ్వడానికి ఏమీ మిగలదని తేలాక, ఈ ఉదయమే ఆ నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తారు.

డాక్టరు ఊరుకోలేక గోడ వంక చూపించాడు. “ఈ తుప్పు తాళాలన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేయరాదా, అమ్మా?”

కొత్త తాళం వేసినప్పుడల్లా విప్పిన పాతదాన్ని, వీధి పేరు రాసిన చీటీ కట్టి, ఆ గోడకు తగిలించడం ఆవిడ పద్ధతి. “మా నాన్న చెప్పాడు, తీసిన తాళం పారేయకూడదని. దాని తాళంచెవి ఎవరి దగ్గరో బతికే ఉంటుంది. ఏదో ఒకనాడు వెతుక్కుంటూ వస్తుంది.” కొంచెం ఆగి మళ్ళీ అంది. “గొళ్ళేనికీ ఇవంటే ప్రాణం. కింది వరసలో ఆ ఇత్తడిదాన్ని వాసన చూడందే పడుకునేది కాదు. నాకంటే దానికే పనిమీద శ్రద్ధ.”

అప్పుడు గుమ్మంలో ఒక నర్సు నిలబడింది. యాభైకి దగ్గరపడిన మనిషి. డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టుంది, జేబుకు ఇంకా పేరు బిళ్ళ ఉంది.

“కాటుకా,” అంది.

మూడు రోజులుగా కదలని తల లేచింది. తోక గోనెపట్టా మీద రెండుసార్లు కొట్టుకుంది.

తాళాలమ్మ గుండెల్లో ఎవరో ఆకురాయి పెట్టి రాకినట్టయింది. అన్నం పెట్టిన చెయ్యి తనది, తోక ఊపింది ఈమెకా?

“కూర్చోండి. తల కాదు, ముందుకాళ్ళు పట్టుకోండి. గోళ్ళు చూడండి. బాగా చూడండి. అవి మళ్ళీ సరిగా మొలవలేదు.”

నర్సు కాళ్ళు పట్టుకుంది. చూసింది. డాక్టరు సూది వేశాడు. గొళ్ళెం ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి, మెల్లగా వదిలేసింది.

తాళాలమ్మ ఏడవలేదు. సొరుగులోంచి పట్టీ తీసి ఆమె ఒళ్ళో పడేసింది. “తీసుకెళ్ళండి. తలుపు వేసుకున్నప్పుడల్లా ఇది కనపడే చోట పెట్టుకోండి. నేను వేసే శిక్ష ఇదే.”

నర్సు పట్టీని చేతికి చుట్టుకుంది. తాళాలమ్మకు ఎడమవైపు నిలబడి ఏదో చెప్పింది. వినపడలేదని గ్రహించి, కుడివైపుకు వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మను ఆస్పత్రిలో చేర్చడానికి వెళ్ళిందట. ఒక్కపూటే కదా అని వెనకగదిలో ఒక గిన్నె నీళ్ళు పెట్టి, కుక్కను అక్కడే ఉంచింది. సాయంత్రం తిరిగివస్తే తాళంచెవి తిరగలేదు. ఇల్లు ఖాళీ చేయించాలని ఇంటాయన పగలే తాళం మార్పించేశాడు. తలుపు తీసినప్పుడు కుక్క బయటికి పారిపోయిందని చెప్పాడు.

“ఆరు రోజులు వీధులన్నీ వెతికానండీ. అది లోపలే ఉంది. శరణాలయం వాళ్ళు నన్ను గేటు కూడా దాటనివ్వలేదు. పట్టీ మీద నంబరు ఉంది కదా, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఆ నంబరు మార్చలేదు.”

“కథలు ఎవరైనా చెబుతారు.”

నర్సు జేబులోంచి ఒక పాత తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. “ఆ రోజు తిరగనిది ఇదే.”

తాళాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, పళ్ళ మీద బొటనవేలు రాసింది. “ఏ వీధి?”

“గడియారం మేడ వెనక వీధి. మెట్ల పక్క వాటా.”

తాళాలమ్మ తాళంచెవి పట్టుకుని లేచింది. పడి ఉన్న కుక్కను దాటి గోడ దగ్గరికి వెళ్ళి, చీటీలు ఒక్కొక్కటే తిప్పి చదివింది. కింది వరసలో, కుక్క ముక్కు తగిలి తగిలి నునుపెక్కిన ఇత్తడి తాళం దగ్గర ఆగింది. తాళంచెవి పెట్టి తిప్పింది.

తాళం తెరుచుకుంది.