సారు సీటు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఇంకా ఆగనే లేదు, నరేశ్ కిటికీలోంచి ఎర్ర తువ్వాల విసిరి ముందు సీటు పట్టేశాడు.

ఆ సీటు హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ బస్సు మారే రాజరత్నం సారుకు. కంప్యూటర్లలో తలపండిన మనిషి. నరేశ్ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, ఫోనులో మాట్లాడుకున్నదే.

ఎందుకింత హడావుడంటే, రెండు వేల సంవత్సరం రాగానే తేదీ తికమకై కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని పేపర్లు రాశాయి. దాంతో ఆళ్లగడ్డలో నరేశ్ పెట్టిన కంప్యూటర్ సెంటరుకు పిల్లలు రావడం మానేశారు. ఈ సాయంత్రం సభలో సారు నాలుగు ధైర్యపు మాటలు చెప్తే సరి, లేకపోతే సెంటరుకు తాళమే.

నలిగిన చొక్కా, చంకలో సంచీ, ఎవరో ఒకాయన బస్సెక్కాడు. వెనక ఖాళీ సీట్లన్నీ వదిలేసి నేరుగా వచ్చి, తువ్వాల పక్కకు జరిపి కూర్చోబోయాడు.

"యో! తువ్వాల కనపళ్లా?" అన్నాడు పక్క సీట్లో కూర్చున్న నరేశ్.

"దాన్ని చూసే వచ్చినానప్పా."

"చూసి కూడా కూర్చుంటాండావా? ఎంత పొగరు! అది పెద్ద సారు సీటు. లెయ్!"

ఆయన ఏదో చెప్పబోయాడు. నరేశ్ రెక్క పట్టి లేపేశాడు. ఈలోగా వెనక సీట్లు కూడా నిండిపోయాయి.

నరేశ్ ఊహించుకున్నట్టు టై కట్టుకున్న మనిషి ఎవరూ రాలేదు. బస్సు కదిలింది. సారు ఊరి చివర ఎక్కుతాడులే అని నరేశ్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అక్కడా ఎక్కలేదు. అయినా సీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"నిజంగానే కంప్యూటర్లు చెడిపోతాయా అన్నా?" అంది గంప ఒళ్లో పెట్టుకున్న బయ్యమ్మ.

"కరెంటు కూడా పోతాదంట," అన్నాడు గడియారాలు బాగుచేసే నూర్ మహమ్మద్.

"అది రోజూ పోయేదే కదా!"

"రెండు వేలు వస్తే, కంప్యూటరు పందొమ్మిది వందలనుకుంటాదంట."

"అంటే నేనింకా పుట్టనట్టేనా?"

"మీ ఆయన బతికిపోయినాడు పో!"

బస్సంతా గొల్లుమంది. నరేశ్‌కు ఒళ్లు మండింది.

"ఏమీ కాదు! సాయంత్రం మా సారే వచ్చి చెప్తాడు."

"ఏమీ కాదని ఎట్ల చెప్తాడు?" అన్నాడు సంచీతో నిలబడ్డాయన. "ముందే సరిచేసుకుంటే ఏం కాదు. పట్టించుకోకపోతే ఇబ్బందే."

"సంచీ మోసేటోనివి, నీకేం తెలుసు? ఆళ్లగడ్డలో ఈ మాటన్నావంటే ఊరుకోను!"

ఆయన ఖాళీ సీటు వైపు చూశాడు. నరేశ్ వైపు చూశాడు. సన్నగా నవ్వి, దారిలో వచ్చిన శిరివెళ్లలో దిగిపోయాడు.

హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాడు నరేశ్.

ఆళ్లగడ్డలో షామియానా వేసి ఉంది. జనం కుర్చీల్లో సర్దుకుంటున్నారు. సారు జాడ లేదు. భుజమ్మీద ఎర్ర తువ్వాలతోనే నరేశ్ ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, హైదరాబాదులో సారు ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడే శిరివెళ్ల నుంచి మాట్లాడినాడు నాయనా," అంది సారు భార్య సరోజమ్మ. "నువ్వు చెప్పినట్టే ఎర్ర తువ్వాల చూసి కూర్చోబోయినాడంట, ఎవడో రెక్క పట్టి లేపినాడంట."