కళ్లు చదివే దేవదాస్

దేవదాస్ మనుషుల కళ్లు చదువుతాడు. ఇంకేమీ చదవడు.

బోధన్ దగ్గర చక్కెర మిల్లు గేటులో పాతికేళ్లు కాపలా కాశాడు. ఏనాడూ ఎవరి సంచీ విప్పి చూసిన పాపాన పోలేదు. కళ్లలోకి ఒక చూపు చూసి, "నువ్వు పో, నువ్వు ఆగు" అనేవాడు. రిటైరయ్యాక ఆ విద్యనంతా మేనకోడలి సంబంధాల మీద చూపిస్తున్నాడు. మూడు సంబంధాలు అలాగే పోయాయి.

మేనకోడలు సువర్ణకు ముప్పై రెండేళ్లు. ఎవరి కళ్లలోకీ చూడదు. అది ఆటిజమని రెండేళ్ల కిందట డాక్టరమ్మ చెప్పింది. కళ్లలోకి చూస్తే ఎదుటివాళ్ల మాట తలకెక్కదని సువర్ణ కూడా చెప్పింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తనలాంటివాళ్లు కలుసుకునే చోటు నిజామాబాద్‌లో ఉందని తెలిసి, ప్రతి శనివారం బస్సెక్కి పోతోంది.

"మొకాలు సూసుకోనోళ్లంత ఒక్కకాడ కూసోని ఏం జేస్తరే?" అని వెక్కిరించేవాడు దేవదాస్. ఆమె జవాబు కూర్చుకునేలోపు లేచి వెళ్లిపోయేవాడు.

నాలుగో సంబంధం వాళ్లంతట వాళ్లే వస్తామన్నారు. తన పేరు విని వస్తున్నారని దేవదాస్ మురిసిపోయాడు.

"ఇది గూడ పోగొట్టకు అన్నా. నేను పోయినంక దీనికి ఎవలు దిక్కు?" అంది సువర్ణ తల్లి సాయవ్వ.

ఆదివారం చర్చి అయ్యాక పెళ్లికొడుకు శాంతి కుమార్ నిజామాబాద్ నుంచి వాళ్ల అక్కతో వచ్చాడు. కూర్చుని నేల చూపులు చూశాడు. సువర్ణ వచ్చింది. ఆమెవీ నేల చూపులే. వస్తూనే కిర్రుమంటున్న ఫ్యాను ఆపేసింది. అందరికీ చాయ్ ఇచ్చి, అతని ముందు మాత్రం మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

దేవదాస్ అన్నీ పట్టేశాడు. మహా మేధావి కదా.

"ఏం తమ్మీ, పిల్లను సూస్తలేవేంది?"

"కండ్లల్లకు సూస్తే మాట ఇనబడది. చేతులు సూస్తే ఆమె మాట మంచిగ ఇనబడ్తది."

"పిల్ల నోరే తెర్వలే, ఏం ఇన్నవయ్యా నువ్వు?" పగలబడి నవ్వాడు దేవదాస్.

"అన్నా, మీకు ఒక మాట చెప్పేదుంది..." అంది అబ్బాయి అక్క.

దేవదాస్ చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లు చదివేటప్పుడు ఎవరైనా మాట్లాడితే ఆయనకు చిరాకు. తీర్పు అక్కడే చెప్పేశాడు.

"ఈ సంబంధం కుదరది. వీళ్లకు ఒకలంటే ఒకలకు గిట్టదు. ఇంత ఉడుకపోస్తుంటే ఫ్యాను బందు జేసింది. చాయ్ గూడ పొయ్యలే. ఒక్కసారన్న కన్నెత్తి సూసుకున్నరా? నా కండ్లు ఎన్నడు తప్పలే."

శాంతి కుమార్ నీళ్లు ఆఖరి చుక్కదాకా తాగాడు. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టి లేచాడు. "బండి కాడ ఉంట" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. అతని వెనకే అక్క కూడా బయటికి నడిచింది.

దేవదాస్ దర్జాగా రెండో చాయ్ అందుకున్నాడు. సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంతసేపటికి సువర్ణను ఒక మాట అడిగింది కూడా ఆమె ఒక్కతే.

"నీ పెండ్లి ఎన్నడైతదే బిడ్డా?"

కప్పులు ట్రేలో సర్దుతూ, ఆ కప్పులనే చూస్తూ సువర్ణ చెప్పింది: "పోయిన నెలనే అయిందవ్వా, శాంతి కుమార్‌తోని."