అప్పయమ్మ పెట్టిన కామెంటు

ఆదివారం సాయంత్రం ఐదున్నరకే అప్పయమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. తలలో చామంతులు పెట్టుకుంది. పీట తెచ్చి టీవీకి రెండు మూరల దూరంలో వేసుకుని కూర్చుంది.

కూలరు పక్క కుర్చీలోంచి బంగార్రాజు అంతా చూశాడు.

"ఎక్కడికేటి పయానం?"

"ఎక్కడికీ నేదు. ఆ మనిషొస్తన్నాడు కదా," అంది చూపు తిప్పకుండా.

టీవీలో వచ్చే ఒక హిందీ సీరియల్లో ఒక పిల్ల వారానికోసారి పాతకాలంలోకి వెళ్లి వీరుల్ని కలుస్తుంది. ఇన్నాళ్లూ రాజులూ సేనాపతులూ వచ్చారు. ఈ వారం గతౌరా స్టేషను గ్యాంగ్‌మన్, పట్టాలు కాసే కూలీ. నలభై ఏళ్ల కిందట వానకి వాగు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోతే, బండికి ఎదురు పరుగెత్తి ప్యాసింజరును ఆపినవాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరే ఎవరికీ గుర్తులేదు. టీవీ వాళ్లు షేర్‌సింగ్ అని పెట్టేశారు.

బంగార్రాజుకి డెబ్బై. ఉద్యోగంలో ఆఖరి ముప్పై ఏళ్లు పార్శిల్ ఆఫీసులో కాగితాల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యాడు. ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటున్నారు ఇద్దరూ.

టీవీలో వాన మొదలైంది. వీరుడు వచ్చాడు. ఆరడుగుల మనిషి. తడిసిన చొక్కా కండలకి అతుక్కుపోయింది. అప్పయమ్మ పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

ఆ చూపు బంగార్రాజుకి తెలుసు. పెళ్లయిన కొత్తలో అతని మీద ఉండేది. ఎప్పుడు పోయిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"గ్యాంగ్‌మన్‌కి అలాంటి బూట్లెక్కడివి?" అన్నాడు.

"ష్!"

"పట్టాకి పటాకా అలాగేనా కట్టడం? బండి చక్రం ఎక్కితే పేలి డ్రైవరుకి వినబడాల. ఈడు పెళ్లికూతురికి బాసికం కట్టినట్టు కడతన్నాడు."

"మావయ్యా, చుప్!" అని కోడలు ప్రసూన నవ్వింది.

పక్క క్వార్టరు రమణమూర్తి కూడా చూడ్డానికొచ్చాడు. విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలు కాలేదు.

"బాబాయిగారూ, మీరప్పుడు ఇక్కడే ఉద్యోగం కదా. ఆయన్ని చూశారా?"

"చూశాను. అంత పొడుగు లేడు."

"ధైర్యం మాత్రం ఉండాలండీ..."

"ధైర్యమా? కాళ్లు వణికిపోయాయి."

"మీకు ఆయనంటే పడదల్లే ఉందే! నాకైతే, ఇప్పుడు కనబడితే కాళ్లకి దండం పెడతాను," అంటూ రమణమూర్తి బంగార్రాజు చాపుకున్న కాళ్లు దాటి బిస్కెట్ల పళ్లెం అందుకున్నాడు.

అప్పయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బండి ఆగింది. జనం దిగి పరుగెత్తుకొచ్చారు. కాలంలో తిరిగే పిల్ల వీరుడి చెయ్యి పట్టుకుని, "నాతో మా కాలానికి రండి. అక్కడ అందరూ మిమ్మల్ని తలమీద పెట్టుకుంటారు," అంది. "నా పని ఇక్కడే ఉంది," అన్నాడు వీరుడు.

"అబద్ధం," అన్నాడు బంగార్రాజు. "పిలిస్తే ఎల్లిపోయేవోడే."

"ఎల్లిపోతే ఎలాగ? నాను చూసింది ఆ మర్నాడే కదా!" అంది అప్పయమ్మ.

ఎపిసోడ్ అయిపోయింది. రమణమూర్తి వెళ్లిపోయాడు. ప్రసూన ఫోన్లో కామెంట్లు తెరిచింది.

"బాప్‌రే! అప్పుడే రెండు వేలు, అత్తయ్యా. ఒకమ్మాయి చూడండి, నన్ను ఆ కాలానికి పంపండి, ఈయన్నే చేసుకుంటాను అంటోంది."

"నా తరవాతే దాని వంతు."

"అచ్ఛా, మీరు చూసింది చెప్పండి మళ్లీ."

"నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. జనం బుజాలమీద ఎక్కించుకొని కాలనీ అంతా తిప్పినారు. మెడనిండా బంతిపూలు. నాను గుమ్మంలోంచి చూసినాను. మా అయ్యతో ఆ పూటే చెప్పీసినాను, చేసుకుంటే ఆ మనిషినే అని."

"ఫిర్?"

"ఫిర్ ఏటి? ఈయన్ని కట్టబెట్టినారు."

అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బంగార్రాజు టీ తాగకుండా గ్లాసు కింద పెట్టేశాడు. కోడలి ముందు, ఈ వయసులో, ఇలాంటి మంట కడుపులో పుడుతుందని అతను అనుకోలేదు.

"ఇది చూడండి," ప్రసూన ఇంకో కామెంటు చదివింది. "ఈ మనిషి ఇప్పుడెక్కడున్నారు, ఏమైపోయారు అని అడుగుతున్నారు. చాలామంది ఇదే అడిగారు."

అప్పయమ్మ నవ్వు ఆపింది.

"నాను సెప్తాను, రాయి," అని కోడల్ని వంటింట్లోకి తీసుకుపోయింది.

లోపల గుసగుసలు. హిందీ బడిలో చదివిన ప్రసూనకి తెలుగు అక్షరాలు రావు, తెలుగు మాటలు హిందీ అక్షరాల్లో కొడుతోంది. మధ్యలో ఒకసారి అప్పయమ్మ కిసుక్కున నవ్వింది. అది విని బంగార్రాజు కూర్చోలేకపోయాడు. లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి రాయించినావు?"

"నీకెందుకు?"

"ఆడి గురించేనా?"

"ఆడి గురించే. పంపీసినాను కూడా."

"ఇన్నేళ్ల తరవాత కూడా నీకు ఆడేనేటే కావాల? నానేటి?"

అప్పయమ్మ కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుని అతని చేతిలో పెట్టింది. బంగార్రాజు కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"ఆ మనిషి ఎక్కడికీ ఎల్లనేదు బాబూ, మా ఆయనే, నా కంటికి ఇంకా అలాగే ఉన్నాడు, కాపోతే సాయంత్రం నించీ టీవీలో తననే చూసుకొని కుళ్లిపోతన్నాడు."