పచ్చ సిరా

"నువ్వు ఈడనే కూర్చోక్కా, నేను పోయి సంతకం పెట్టిచ్చుకోనొస్తా," అన్నాడు హేమ్లానాయక్.

"అట్లెట్లబ్బీ? సంతకం నా కండ్ల ముందర పడాల," అంది చాందీబాయి. "కోడలికి నెలలు నిండినాయి. నూటెనిమిది బండి గుట్ట కిందనే ఆగిపోతాంది. పోయిన నెల నొప్పులొచ్చిన సోమ్లీని మంచం మింద మోసకపోతాంటే దోవలోనే పాణం పోయ. రోడ్డు సంగతి ఈ పొద్దు తేలాల్సిందే."

జమ్మలమడుగు అవతలి తండా నుంచి మొదటి బస్సుకే ప్రొద్దుటూరొచ్చి, ఎమ్మెల్యే ఇంటి గేటు దగ్గర కాపేసిన మనిషి ఆమె. ఆపితే ఆగుతుందా? నాయక్ వెంటే లోపలికి నడిచింది.

నాయక్ కూడా ఆ తండాలో పుట్టిన సుగాలీయే. అయిదు సార్లు గెలిచి, ఇరవై అయిదేళ్లు ఎమ్మెల్యేగా చేసి, కిందటి ఎన్నికల్లో తప్పుకున్నాడు. ఇప్పుడా కుర్చీలో ఉన్నది ఒకప్పుడు ఆయన దగ్గర పీఏగా చేసిన దత్తాత్రేయ.

నాయక్‌ను చూడగానే దత్తాత్రేయ గబుక్కున లేచి కాళ్లకు దండం పెట్టాడు.

"మీరు రావాల్నా సార్? ఫోన్ చేస్తే సరిపోతాండె గదా!"

కాఫీ తెప్పించాడు. అర్జీ చదివి "అయ్యో పాపం" అని నొచ్చుకున్నాడు. జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

జేబులో రెండు పెన్నులున్నాయి. నాయక్ చూపు వాటి మీదే నిలిచింది. పచ్చ సిరా సంతకం పడితే ఆఫీసర్లు పని చెయ్యాలి. నీలి సిరా పడితే కాగితం మూలన పడెయ్యాలి. వచ్చినవాళ్లెవరినీ కాదనకుండా సాగనంపడానికి తనే కనిపెట్టిన ఉపాయం. రోజూ పొద్దున్నే ఆ రెండు పెన్నులూ తన జేబుకు తగిలించింది ఈ దత్తాత్రేయే.

దత్తాత్రేయ నీలి పెన్ను తీశాడు. నవ్వు చెదరకుండా సంతకం చేసి, రెండు చేతులా అర్జీ అందించాడు.

అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? తండా ఓట్లు ఎక్కడికీ పోవన్న ధీమాతో పనులన్నీ పక్క ఊళ్లకు పంచిన పెద్దమనిషి తనే కదా! సిగ్గుతో తల తీసేసినట్టయింది. అర్జీ తీసుకుని చాందీబాయితో బయటికొచ్చాడు.

"సంతకం పడింది గదక్కా. పనైపోతాదిలే," అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

చాందీబాయి ఆయన చేతిలోని కాగితం తీసుకుని ఎండకు పెట్టి చూసింది. మడిచి కొంగున ముడేసుకుంది.

"కాదులే అబ్బీ. నీలం పడింది. పచ్చ సంతకం పడిన పక్కూరికి నెలకే రోడ్డు వచ్చె. మాకు అయిదు తూర్లూ నువ్వు నీలమే పెడ్తివి. సదువు రాకపోతే మాత్రం, రంగు దారాలతో అద్దాల రైకలు కుట్టేవోళ్లం, మాకు రంగులు తెలీవా?"

నాయక్ అప్పుడు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"తెలిసీ... నాకెందుకు ఓటేస్తిరక్కా?"

"మనోడే మనకు నీలం పెట్టినాడంటే నలుగురూ నవ్వుతారని, ఆ సిగ్గుకు నోరు మూసుకోని నీకే గుద్దితిమి అబ్బీ."