నెమలికంఠం రంగు ఊలు

మా ఆవిడ తాయారమ్మ లేసు సూది పట్టిందంటే గోదావరికి కూడా అంచు అల్లేస్తుంది. నేను కళ్ళారా చూశాను. ఓసారి సగం వరకూ అల్లింది, ఇంతలో వరదొచ్చి పాడుచేసింది.

గొర్రెల్ని బొమ్మల్లో చూసుకునే ఈ రోజుల్లో కొత్త ఊలు కొనాలంటే పొలం అమ్ముకోవాలి. మాబోటివాళ్ళకి ఆన్‌లైన్‌లో దొరికేదల్లా, పాత బట్టల్ని యంత్రాలు విప్పి ఉండలు చుట్టిన ఊలే. కొన్ని బట్టలు జనం అమ్ముకున్నవి, కొన్ని పోయినవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేసి తెచ్చినవి. చవక, మెత్తన కూడాను.

మొన్న డ్రోను ఒక నెమలికంఠం రంగు ఉండని తెచ్చి మా జామచెట్టు మీద పడేసి పోయింది. కొమ్మల్లోంచి తీసిచ్చాను.

"ఇప్పటికే ఇల్లంతా నీ ఊలుండలే. ఇదీ ఇంట్లోకొస్తే నేను అరుగు మీద పడుకోవాలేమోనే," అన్నాను.

తాయారమ్మ నవ్వలేదు. దారం లాగుతూ ఒక ముడి దగ్గర ఆగిపోయింది.

"ఇది నా ముడండీ. ఎడమచేత్తో ఇలా వెనక్కి తిప్పి వేసేది నేనొక్కదాన్నే. మా వకుళకి అల్లిచ్చిన శాలువాలోది ఈ ఊలు."

వకుళ ఆవిడ చెల్లెలు. ఏదో మాట పట్టింపొచ్చి మాతో తెంచుకుని వెళ్ళి ఏళ్ళయింది. ఎక్కడుందో తెలియదు.

"తనే అమ్మిందో, లేక మరి... ఆ ఆన్‌లైన్ కొట్టువాళ్ళని అడిగితే ఎక్కణ్ణించొచ్చిందో చిటికెలో చెబుతారు. అడగనా?" అంటూ ఫోను తీశాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అడక్కండి. నా మీద మంటకొద్దీ అమ్మేసిందనే అనుకుంటాను. దాని కోపం అలాగే ఉండనివ్వండి."